ఎసెన్సు సీసా కొనేముందు: సోడా సిరప్‌కు ఏది, ఎక్కడ, వేప్‌కు ఎందుకు వద్దు

ప్రశ్న: "మాది విజయవాడ పటమట. ఈ వేసవికి ఇంట్లోనే సోడా సిరప్‌లు చేసి చిన్న బండి పెడదామని నేనూ మా బావమరిదీ అనుకుంటున్నాం. ఎసెన్సులు ఎలా ఎంచుకోవాలి, ఎక్కడ కొనాలి, ఎంత వెయ్యాలి? ఇంకోటి, మిగిలిన ఎసెన్సులను గ్లిజరిన్‌లో కలిపి వేప్‌లో, అంటే ఈ-సిగరెట్‌లో, పోసుకోవచ్చని, అన్నీ ఫుడ్ గ్రేడే కాబట్టి ఏమీ కాదని మావాడు అంటున్నాడు. నిజమేనా?"

ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. నిజం కాదు, చెయ్యొద్దు. ఎందుకో కింద వివరంగా రాస్తాను, ఉత్తినే వద్దంటే మీ బావమరిది వినే రకంలా లేడు. సోడా సంగతికొస్తే, నేను వన్‌టౌన్‌లో 24 ఏళ్లుగా సోడా షాపులకు, ఐస్‌క్రీం బళ్లకు సిరప్‌లు కలిపిస్తున్నాను. చదివింది కెమిస్ట్రీయే గానీ, పని నేర్పింది మాత్రం పాడైపోయిన సరుకు. అదంతా తలుచుకుంటూ రాస్తున్నాను కాబట్టి కాస్త పొడుగవుతుంది.

ముందు సీసాలో ఏముందో తెలియాలి. మీరు మ్యాంగో ఎసెన్సు అని కొనే సీసాలో అసలు వాసన పదార్థాలు కొంచెమే. మిగతాదంతా వాటిని కరిగించుకుని మోసే ద్రవం. ఆ మోసే ద్రవాన్ని బట్టే సీసా మీ పనికొస్తుందో లేదో తేలుతుంది. సోడా సిరప్‌కు కావలసింది ప్రొపైలిన్ గ్లైకాల్ అనే చిక్కటి ద్రవంలోనో, ఆల్కహాల్‌లోనో కరిగించిన సరుకు. చాక్లెట్లకూ కొన్ని రకాల మిఠాయిలకూ చేసే ఎసెన్సులు నూనెలో ఉంటాయి. చూడ్డానికి సీసాలు ఒకేలా ఉంటాయి, ధరలో కూడా పెద్ద తేడా ఉండదు. నూనె సరుకు సిరప్‌లో పోశారంటే మర్నాటికి సీసా మెడ దగ్గర ఉంగరంలా తేలి కూర్చుంటుంది. మొదటి గ్లాసు తాగినవాడికి గొంతు మంట, ఆఖరి గ్లాసువాడికి ఉత్త పంచదార నీళ్లు.

దీన్ని కనిపెట్టడం చాలా తేలిక. షాపులోనే గ్లాసుతో నీళ్లడిగి ఒక్క చుక్క వెయ్యండి. చుక్క కిందికి జారుతూ పొగలా విడిపోయి నీళ్లలో కలిసిపోతే మీ సరుకే. పైన జిడ్డు కన్నులా తేలితే పక్కన పెట్టేయండి. మొత్తం నీళ్లు పాలలా తెల్లబడి అలాగే నిలిస్తే అది ఎమల్షన్, అంటే నారింజ తొక్క నూనె లాంటిదాన్ని తుమ్మబంకతో చిలికి నీళ్లలో నిలబెట్టిన సరుకు. ఆరెంజ్‌లోనూ లెమన్‌లోనూ ఎక్కువగా ఇదే దొరుకుతుంది. రంగు, మసక, వాసన మూడూ ఒకే సీసాలో వస్తాయి. ఆరెంజ్ డ్రింకుకు బాగుంటుంది, తేటగా కనిపించాల్సిన నిమ్మ సోడాకు పనికిరాదు.

ఇక వాసన చూసే పద్ధతి. మూత తీసి సీసాను ముక్కు కింద పెట్టుకోవడం అందరూ చేసే తప్పే. రెండో సీసాకే ముక్కు మొద్దుబారిపోతుంది. తెల్లకాగితాన్ని వేలెడు పట్టీలుగా కత్తిరించి జేబులో పెట్టుకెళ్లండి. ఒక్కో పట్టీ కొనను ఎసెన్సులో తడిపి, వెనక పెన్సిల్‌తో పేరు రాసుకోండి. పెన్సిలే ఎందుకంటే, పెన్ను ఇంకుకు దాని వాసన దానికుంటుంది. అక్కడికక్కడే ఒకసారి, అయిదు నిమిషాలకు ఒకసారి, ఇంటికొచ్చాక ఒకసారి, మర్నాడు పొద్దున్నే టీ కూడా తాగకముందు ఒకసారి చూడండి. మధ్యమధ్య మీ చొక్కా చెయ్యి వాసన చూసుకుంటే ముక్కు మళ్లీ దారికొస్తుంది. చవకరకం పైనాపిల్ షాపులో ఘుమఘుమలాడుతుంది, ఇంటికొచ్చేసరికి కాగితం మీద ఏమీ మిగలదు. అందులో ఎక్కువగా ఉండే ఈథైల్ బ్యూటిరేట్ తొందరగా ఎగిరిపోయే సరుకు, దాని కింద నిలబడే పదార్థాలేవీ వెయ్యకపోతే అంతే సంగతి. వెనిల్లా అలా కాదు, మర్నాటికీ కాగితాన్ని వదలదు.

ఒక్కో ఫ్లేవర్ గురించి నాకు తెలిసింది చెప్తాను. అన్నిటి గురించీ ఒకే అంత చెప్పడానికి లేదు, కొన్ని రెండు మాటలకే అయిపోతాయి.

అరటి ఎసెన్సు వాసన ఐసోఎమైల్ ఎసిటేట్‌ది. గోళ్లరంగు గుర్తుకు తెచ్చే వాసన అదే. చిన్నపిల్లలకు నచ్చుతుంది, పెద్దవాళ్లు రెండోసారి అడగరు. ఇంకో తమాషా ఏంటంటే, తేనెటీగ కుట్టినప్పుడు మిగతా ఈగల్ని పిలవడానికి వదిలే వాసనలో ముఖ్యమైనదీ ఇదే. నూజివీడు వైపు ఒక మామిడితోటలో పెళ్లి భోజనాలకు సోడా కౌంటరు పెట్టినప్పుడు మా కుర్రాడు ఈ సీసా చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. పైన కొమ్మకు తేనెపట్టు ఉందని ఎవరూ చూడలేదు. ఆ రోజు నుంచి తోటల్లో కౌంటరంటే అరటి సీసా షాపులోనే వదిలేసి వెళ్తాం.

ఐస్‌క్రీం సోడా అంటే ముప్పాతిక వంతు వెనిల్లాయే. లేబుల్ మీద వెనిల్లిన్ ఉందా, ఈథైల్ వెనిల్లిన్ ఉందా చూడండి. రెండోది మొదటిదానికంటే దాదాపు మూడు రెట్లు ఘాటు. సీసా మార్చినప్పుడు కొలత మార్చకపోతే సోడాకు టాల్కం పౌడరు వాసన వచ్చిందంటారు జనం. చలికాలంలో ఈ సీసా అడుగున సూదుల్లాంటి తెల్లటి స్ఫటికాలు కడితే పాడైందని పారెయ్యకండి. గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు నిలబెడితే మళ్లీ కరిగిపోతాయి.

గ్రేప్ సోడా మన ద్రాక్షపండు వాసన రాదేమని అడుగుతుంటారు. రాదు. అందులో ఉండేది మిథైల్ ఆంత్రనిలేట్, అది అమెరికాలో పండే కాంకర్డ్ అనే నల్లద్రాక్ష వాసన. మన థామ్సన్‌కూ అనాబ్-ఎ-షాహీకీ ఆ వాసన ఉండదు. సీసా తప్పేమీ లేదు.

మామిడి మీద డబ్బు దండగ చేసుకోకండి. ఒక్క ఎసెన్సుతో రసాల రుచి తెచ్చినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. గుజ్జు వేసి, దాన్ని కొంచెం ఎత్తడానికి మాత్రమే ఎసెన్సు వాడండి. బాదం సంగతి ఇంకా విచిత్రం. మనం తినే తీపి బాదంపప్పుకు అసలు ఆ ఘాటు వాసనే లేదు. ఎసెన్సులో ఉండేది చేదు బాదంలోని బెంజాల్డిహైడ్. మూత సరిగ్గా బిగించకపోతే అది గాలితో కలిసి బెంజోయిక్ ఆమ్లంగా మారుతుంది. మూత చుట్టూ తెల్లటి పొడి పేరుకున్న బాదం సీసాను షాపువాడు సగం ధరకిచ్చినా తీసుకోకండి.

నిమ్మకు ఎసెన్సు ఎందుకండీ, మన దగ్గర కాయలుండగా. తొక్కను పచ్చటి భాగం వరకే గీకి, పంచదారలో నలిపి రాత్రంతా ఉంచితే తొక్కలోని నూనె పంచదారలోకి దిగుతుంది. ఆ పంచదారతోనే పాకం పట్టండి. కాకపోతే నిమ్మ సిరప్ రెండు వారాలకు మించి నిలవ చెయ్యొద్దు. నిమ్మవాసనకు ముఖ్యమైన సిట్రాల్ పుల్లటి ద్రవంలో, అదీ మన మే నెల వేడికి, మెల్లగా విరిగిపోతుంది. అప్పుడొచ్చేది ఆస్పత్రి వరండా వాసన.

ఇప్పుడు సుగంధి. దీని మీద మాత్రం తీరిగ్గా మాట్లాడాలి, మీ బండిని నిలబెట్టేది ఇదే. రాయలసీమలో నన్నారి అంటారు, మనవైపు సుగంధి సోడా. బజారులో దొరికే సుగంధి ఎసెన్సుల్లో చాలావాటికి వెనిల్లా ఎక్కువ, వేరు వాసన తక్కువ. దానికో కారణముంది. ఆ వేరుకు వాసననిచ్చే పదార్థం వెనిల్లిన్‌కు తోబుట్టువు, రెండిటిలోనూ అవే పరమాణువులు అన్నే ఉంటాయి, అమరిక మాత్రమే వేరు. అందుకే దగ్గరగా అనిపిస్తుంది గానీ అది కాదు. కాబట్టి ఎసెన్సు కొనకుండా మూలికలు అమ్మే పచారీ కొట్టులో ఎండు వేరు కొనండి. వేరు విరిచి చూడండి. వాసనంతా పైన బెరడులోనే, లోపలి తెల్లటి చేవ కట్టెపుల్లే. రోకలితో ఒక్క దెబ్బ వేస్తే బెరడు ఊడొస్తుంది, చేవ తీసి పారెయ్యండి. బెరడును కచ్చాపచ్చాగా దంచి, మరిగించి దించిన నీళ్లలో వేసి మూత పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. వేరును పొయ్యి మీద ఉడికించొద్దు, వీధంతా వాసనొస్తుంది, సిరప్‌లో ఉండదు. పొద్దున్నే పల్చటి గుడ్డతో వడకట్టి ఆ నీళ్లతోనే పాకం పట్టండి. పాకాన్ని ఎలాగూ వేడి చెయ్యాలి కదా అంటారేమో. పంచదార కరిగేవరకే, తెర్లనివ్వకుండా. చల్లారాక ఎసెన్సు వెయ్యాలనుకుంటే అప్పుడు రవ్వంత వేసుకోండి, వేరువాసన లేచినట్టుంటుంది. ఈ పద్ధతిలో లీటరుకు ఖర్చెక్కువే. కానీ సుగంధి కోసం మళ్లీ వెతుక్కుంటూ వచ్చేవాళ్లను చూశాను, గ్రేప్ కోసం వచ్చినవాళ్లను చూడలేదు.

చల్లదనానికి చాలామంది పిప్పర్‌మెంటు పువ్వు వేస్తారు, అంటే మెంథాల్. అది నేరుగా నీళ్లలో కరగదు, తేలుతుంది. ముందు కొంచెం ప్రొపైలిన్ గ్లైకాల్‌లో కరిగించుకోవాలి. పిప్పర్‌మెంటు పువ్వు, వాము పువ్వు, కర్పూరం ఒక సీసాలో వేస్తే చుక్క నీళ్లు లేకుండానే కరిగి ద్రవమైపోతాయని మీ అమ్మమ్మగారికి తెలిసే ఉంటుంది. అమృతధార అదే. దాన్ని సోడాలో వేద్దామనుకునేవాళ్లూ ఉన్నారు, వద్దు. కర్పూరం కొద్దిగా ఎక్కువైతే పిల్లలకు ఫిట్సు వస్తాయి. పచ్చకర్పూరమైనా సరే, ప్రసాదంలో వేసే చిటికెలో చిటికెడు చాలు. హారతి కర్పూరం వంటింటి గడపే దాటకూడదు.

కొలతల దగ్గర జనం మునిగేది చుక్కల లెక్కతో. మిల్లీలీటరుకు 20 చుక్కలని ఎవరో చెప్తారు, అది నీళ్లకు. ఆల్కహాల్‌లో ఉన్న ఎసెన్సు చుక్క చిన్నది, మిల్లీలీటరుకు ఇంకా చాలా ఎక్కువ చుక్కలు వస్తాయి. డ్రాపరు మారితే లెక్క మళ్లీ మారుతుంది. మందుల షాపులో సూది లేని 2 మిల్లీలీటర్ల సిరంజి కొనండి, కొన్ని రూపాయలే. నేను చేసేది ఇది. ఒక మిల్లీలీటరు ఎసెన్సును 99 మిల్లీలీటర్ల పాకంలో కలిపి ఒక సీసా చేసుకుంటాను. ఇప్పుడు దీనిలోంచి ఒక మిల్లీలీటరు తీస్తే నూరోవంతు మిల్లీలీటరు ఎసెన్సు తీసినట్టే. నాలుగు గ్లాసులు వరసగా పెట్టి, ఒక్కోదానిలో నూరు మిల్లీలీటర్ల చల్లటి సోడా, అలవాటైనంత పంచదార పాకం వేసి, నూరోవంతు సీసాలోంచి మొదటిదానికి 2, తర్వాతవాటికి 4, 7, 10 మిల్లీలీటర్లు వేస్తాను. ఇంట్లో నలుగురికీ ఇచ్చి ఏది బాగుందో అడగొద్దు, ఏది ఖాళీ చేశారో చూడండి. నా అనుభవంలో జనం ఖాళీ చేసే గ్లాసు, నోటితో బాగుందనే గ్లాసుకంటే ఒక మెట్టు తక్కువ ఘాటుగా ఉంటుంది. రుచి ఎప్పుడూ తాగే చల్లదనంలోనే చూడాలి. చల్లటిదానిలో తీపి, వాసన రెండూ తగ్గి తెలుస్తాయి. లేబుల్ మీద గరిష్ఠ మోతాదు రాసి ఉంటే దాన్ని మాత్రం దాటొద్దు.

పాకానికి కిలో పంచదారకు 540 మిల్లీలీటర్ల నీళ్లు, తీగ రానక్కర్లేదు. నూటికి 65 పాళ్లు పంచదార ఉన్నట్టు లెక్క, అంత చిక్కదనంలో బూజు తొందరగా పట్టదు. నిమ్మ ఉప్పు లీటరు సిరప్‌కు 10 గ్రాములతో మొదలుపెట్టి చూసుకోండి. పండు ఎసెన్సులన్నీ పులుపు తగిలితేనే పండులా అనిపిస్తాయి. పులుపు లేని ఆరెంజ్ చప్పగా ఉందని ఇంకాస్త ఎసెన్సు పోసి చేదు చేసుకున్నవాళ్లు కోకొల్లలు. ఎసెన్సు ఎప్పుడూ పాకం చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే వెయ్యాలి.

ఎక్కడ కొనాలి అంటే, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల వీధుల్లో బేకరీ సామాను అమ్మే కొట్లున్నాయి, అక్కడ మొదలుపెట్టండి. గుంటూరు వాళ్లయితే పట్నంబజారు వైపు చూస్తారు. షాపు పేరు చెప్పను, పేరుకంటే సీసా ముఖ్యం. సీసా మీద తయారీదారు పేరూ చిరునామా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తయారైన తేదీ, గడువు, ఏ ద్రవంలో కరిగించారు, నేచురలా నేచర్ ఐడెంటికలా ఆర్టిఫిషియలా, ఇవన్నీ ఉండాలి. ఆ 14 అంకెల్ని ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫాస్‌కాస్ వెబ్‌సైటులో కొడితే లైసెన్సు బతికుందో లేదో తెలిసిపోతుంది. బిల్లు అడగండి. బిల్లంటే మొహం చిట్లించే కొట్టులో మళ్లీ అడుగుపెట్టొద్దు.

లూజు సరుకు మాత్రం ఎంత చవకైనా కొనకండి. నేను ఈ లైనులోకొచ్చిన రెండో ఏడు రోజ్ ఎసెన్సు లూజుగా అరలీటరు కొన్నాను. డబ్బా మీద ఏమీ లేదు, కొట్టాయన ఫస్టు క్వాలిటీ అన్నాడు. వాసన నిజంగానే బ్రహ్మాండం. రోజ్ మిల్కుకు 20 లీటర్ల సిరప్ చేశాను. తాగినవాళ్లు మొహమాటానికి ఏమీ అనలేదు గానీ నాలుక మీద చేదు, వెనక ఒక రకమైన మందు రుచి. విచారిస్తే తేలిందేమిటంటే అది అగరుబత్తీలవాళ్ల కాంపౌండు. అవే కొట్లలో అగరుబత్తీ సెంట్లు, సబ్బు సెంట్లు, తినే ఎసెన్సులు ఒకే అల్మారాలో ఉంటాయి. అగరుబత్తీ సెంట్లను పల్చన చెయ్యడానికి డైఈథైల్ థాలేట్ వాడతారు, అది కడుపులోకి వెళ్లాల్సింది కాదు. 20 లీటర్లూ మురుగులో పోశాను. వారం రోజులు మా మురుక్కాలువ గులాబీతోటలా ఉందని వీధిలోవాళ్లు ఇప్పటికీ ఏడిపిస్తారు.

ప్రొపైలిన్ గ్లైకాల్ కొన్నా, గ్లిజరిన్ కొన్నా సీసా మీద ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణం) అని ఉండాలి, సీలు ఉండాలి. ఇది చాదస్తం కాదు. పరిశ్రమల్లో వాడే డైఈథైలిన్ గ్లైకాల్ చూపుకు అచ్చం ఇలాగే ఉంటుంది, రుచికీ తియ్యగా ఉంటుంది, మూత్రపిండాలను తినేస్తుంది. 1937లో అమెరికాలో ఒక మందును దీనిలో కరిగించి అమ్మితే వందమందికి పైగా పోయారు. 1986లో బొంబాయి జేజే ఆస్పత్రిలో ఇదే కల్తీ అయిన గ్లిజరిన్ వల్ల 14 మంది పోయారు. ఎసెన్సుల్లో ఇది వాడకూడదని మన ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల్లో పేరు పెట్టి మరీ రాసి ఉంది. లూజు సరుకులో అది ఉందో లేదో మీ ముక్కు చెప్పలేదు, నా ముక్కూ చెప్పలేదు.

రంగుల గురించి ఒక్కమాట. అనుమతి ఉన్న సింథటిక్ రంగులు ఎనిమిదే, అవీ తాగే డ్రింకులో లీటరుకు 0.1 గ్రాము దాటకూడదు. గ్లాసు పట్టుకున్న చేతికి రంగంటుతోందంటే ఎక్కువైనట్టే. బండి చిన్నదే కదా అనుకోకుండా మీరు కూడా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోండి.

ఇక మీ బావమరిదికి. ఈ భాగం ఆయనకే చదివి వినిపించండి.

బాబూ, ఫుడ్ గ్రేడ్ అంటే తినడానికి తగినదని మాత్రమే అర్థం. నోట్లో పడింది కడుపులోకెళ్తుంది, అక్కడ ఆమ్లముంది, తర్వాత కాలేయముంది, చాలావాటిని అవి విరిచి బయటికి పంపేస్తాయి. ఊపిరితిత్తిలో అలాంటి కాపలా లేదు, అక్కడ పల్చటి పొర దాటితే నేరుగా రక్తమే. అమెరికాలో ఫ్లేవర్లు తయారుచేసేవాళ్ల సంఘం ఫెమా ఉంది. సరుకు అమ్ముకునేవాళ్లే వాళ్లు. తమ సురక్షిత జాబితా తిండికే గానీ ఈ-సిగరెట్లకు వర్తించదని వాళ్లే బాహాటంగా చెప్పారు.

వెన్న వాసన ఉదాహరణ తీసుకో. ఆ వాసననిచ్చే డైఎసిటైల్ నిజం వెన్నలోనూ ఉంటుంది, బిస్కెట్లలో రోజూ తింటున్నాం, ఏమీ కాలేదు. 2000లో అమెరికాలోని మిస్సోరీలో ఒక పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసిన ఎనిమిదిమందికి చిన్న గాలిగొట్టాలు మచ్చలు కట్టి మూసుకుపోయే జబ్బు వచ్చినట్టు బయటపడింది. వాళ్లు ఆ వెన్న వాసనను తినలేదు, వేడి తొట్టెల దగ్గర పీల్చారు. ఆ జబ్బు వెనక్కి తగ్గేది కాదు. మన బజారులో దొరికే బటర్, కస్టర్డ్, కారమెల్ సీసాల్లో అది ఉందో లేదో లేబుల్ చెప్పదు, తిండికి చెప్పాల్సిన అవసరమూ లేదు. అది తీసేసి దాని బదులు వేసే ఎసిటైల్ ప్రొపియోనిల్ కూడా జంతువుల మీద చూస్తే అలాంటి హానే చేసింది.

2019లో జరిగింది ఇంకా దగ్గరి ఉదాహరణ. అమెరికాలో వేప్ పీల్చినవాళ్లు ఊపిరాడక ఆస్పత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 చావులు. ఎక్కువమంది గంజాయి సారం ఉన్నవి పీల్చారు. గట్టిగా అనుమానం నిలిచింది వాటిలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ మీద. అదేమిటనుకున్నావు? క్రీముల్లో, విటమిన్ మాత్రల్లో ఉండేదే. మింగితే విటమిన్, మొహానికి రాస్తే క్రీము, పీలిస్తే అది.

పైగా నువ్వు వేసినదే లోపలికి పోతుందనుకుంటున్నావు, అదీ కాదు. వెనిల్లిన్, బెంజాల్డిహైడ్, దాల్చినచెక్క ఘాటునిచ్చే సిన్నమాల్డిహైడ్, ఇవి ప్రొపైలిన్ గ్లైకాల్‌లో ఊరికే కలిపి పెట్టినా దానితో చర్య జరిపి ఎసిటాల్స్ అనే వేరే పదార్థాలవుతాయి. వాటి పేర్లు ఏ సీసా మీదా ఉండవు. తర్వాత కాయిల్ వేడి. మూకుట్లో నూనె మాడితే కళ్లు మండించే పొగ వస్తుంది చూడు, అందులో ఉండేది అక్రోలిన్. గ్లిజరిన్ మరీ వేడెక్కితే పుట్టేదీ అదే. మాడిన మూకుడు దగ్గర్నుంచి మీ అక్క దగ్గుతూ బయటికి పరిగెత్తుతుంది, నువ్వు దాన్ని గొట్టంపెట్టి పీలుస్తానంటున్నావు.

నమ్మకపోతే ఒక పని చెయ్యి. థర్మాకోల్ ప్లేటు మీద నారింజ తొక్క నూనె ఒక్క చుక్క వెయ్యి. లేదా తాజా నారింజ తొక్కనే దాని మీద గట్టిగా పిండు. చూస్తుండగానే గుంట పడుతుంది. అందులోని లిమోనీన్ థర్మాకోల్‌ను కరిగించేస్తుంది. ఊపిరితిత్తి థర్మాకోల్ కాదు, నిజమే, నేనూ కాదన్ను. ఈ వాసన నూనెలకు వాసనే కాకుండా ఇంకా పనులు చెయ్యడం వచ్చని చూపిద్దామనే. మా కొట్లో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ మొదటిరోజు ఇది చూపిస్తాం, ఆ తర్వాత ఎవడూ ఆరెంజ్ నూనెను ప్లాస్టిక్ కప్పులో కొలవడు.

చట్టం సంగతీ తెలుసుకో. 2019 సెప్టెంబరు 18 నుంచి మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, దిగుమతి, రవాణా, ప్రకటన, నిల్వ అన్నీ నిషేధం. నికోటిన్ లేదు, ఉత్త ఫ్లేవరే అన్నా ఆ పరికరం నిషేధంలోకే వస్తుంది. తయారుచేసినా అమ్మినా మొదటిసారికి ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్లు, అయిదు లక్షల దాకా. అమ్మకానికని నిల్వ పెట్టినా ఆరు నెలలు, యాభై వేల వరకు ఉంది. సోడా బండి లైసెన్సు పక్కన ఈ కేసు పెట్టుకుని తిరగడం ఎందుకు? కాబట్టి వేప్‌కు ఏ ఫ్లేవరు మంచిది, ఎంత వెయ్యాలి అని మాత్రం నన్నడక్కు. చెప్పను.

సరే, మళ్లీ మీకు. సీసాలు నల్లగానో గోధుమరంగులోనో ఉన్న గాజువే తీసుకోండి, నిండుగా ఉంచండి. సగమైపోయిన సీసాను చిన్న సీసాలోకి మార్చండి, ఖాళీలోని గాలే నిమ్మ, నారింజ నూనెలను పాడుచేసేది. విజయవాడ వేసవిలో స్టవ్ పైన అల్మారా అంటే పొయ్యి మీద పెట్టినట్టే. ఫ్రిజ్ తలుపులో, పాలకు దూరంగా, మూతున్న డబ్బాలో పెట్టుకోండి. దూరంగా అని ఎందుకన్నానో ఒకసారి అరటి పెరుగన్నం తింటే మీకే తెలుస్తుంది.

మొదటి విడతకు ఎక్కువ కొనొద్దు. ఐస్‌క్రీం సోడా ఒకటి, ఆరెంజ్ ఎమల్షన్ ఒకటి, పైనాపిల్ ఒకటి, అన్నీ వాళ్ల దగ్గరున్న అతి చిన్న సైజు. నిమ్మకు కాయలు, సుగంధికి పావుకిలో వేరు. రోజ్ ఇప్పుడే వద్దు, దాన్లో మంచిచెడ్డలు తెలియడానికి ముక్కుకు ఇంకో సీజన్ పడుతుంది. షాపుకెళ్లేరోజు పొద్దున్నే వెళ్లండి, సెంటు కొట్టుకోకుండా. కాగితం పట్టీలు మర్చిపోవద్దు. తెచ్చిన మూడు సీసాల లేబుళ్లు ఫోటో తీసి ఇక్కడ పెడితే చూసి చెప్తాను.